మట్టిదారులకూ ఇంటి పనులకూ తక్కువ ధరలో ఎలాంటి సైకిల్ మంచిది?

హైదరాబాద్‌లో నార్సింగి దగ్గర ఉంటున్నామని, ఉదయం పూట గండిపేట చెరువు వైపు మట్టిదారుల్లో తొక్కడానికీ, పాలు, కూరగాయలు, మందులు తెచ్చుకోవడానికీ పదిహేను వేల రూపాయల లోపు సైకిల్ కావాలని మీరు రాశారు. ముందూ వెనుకా సస్పెన్షన్ (కుదుపును తగ్గించే స్ప్రింగులు), 21 గేర్లు, రెండు డిస్క్ బ్రేకులు ఉన్న మౌంటెన్ బైకే తీసుకోవాలని దుకాణంలో చెప్పారని కూడా రాశారు. నేను ఆ చుట్టుపక్కలే ఉంటూ, ఇవే రెండు అవసరాలకు కొన్నేళ్లుగా సైకిల్ వాడుతున్నాను. ఆ బైకు తీసుకోవద్దని, అదే డబ్బుతో సస్పెన్షన్ లేని మామూలు ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టి ఉంచే రెండు కాళ్ల భాగం), 38 నుంచి 45 మిల్లీమీటర్ల వెడల్పు టైర్లు ఉన్న హైబ్రిడ్ సైకిల్, అంటే రోడ్డు సైకిల్‌కూ మౌంటెన్ బైకుకూ మధ్య రకం, కొనుక్కోమని నా సలహా.

ఈ ధరలో వచ్చే సస్పెన్షన్ ఫోర్కులో ఉండేది ఒక స్ప్రింగు మాత్రమే. నొక్కుకున్న స్ప్రింగు ఎగిరిపడకుండా ఆపే ఏర్పాటు అందులో ఉండదు కాబట్టి, గుంట దాటిన తరువాత కూడా హ్యాండిల్ ఊగుతూనే ఉంటుంది. పైగా అలాంటి ఫోర్కు ఒక్కటే రెండు కిలోలకు మించి బరువు తూగుతుంది. వెనుక కూడా స్ప్రింగు ఉంటే, ఎత్తు ఎక్కేటప్పుడు మీరు పెడల్ మీద పెట్టే బలంలో కొంత ఆ స్ప్రింగును నొక్కడానికే పోతుంది. క్యారియర్ బిగించడం కూడా కష్టమవుతుంది. రెండు వానాకాలాలు గడిచి లోపల తుప్పు పట్టిందంటే స్ప్రింగు కదలడం మానేస్తుంది, బరువు మాత్రం మిగులుతుంది.

మొరం దారుల్లో కుదుపును తగ్గించేది టైరులోని గాలి. టైరు వెడల్పుగా ఉంటే తక్కువ గాలితో తొక్కవచ్చు, చిన్న రాళ్ల మీద టైరే కొద్దిగా అణిగి కుదుపును మింగేస్తుంది. డెబ్బై కిలోల మనిషి 40 మిల్లీమీటర్ల టైరులో మట్టిదారికి 40 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) దగ్గర, తారు రోడ్డుకు 50 దాకా గాలి పెట్టుకుంటే సరిపోతుంది. కనిష్ఠం, గరిష్ఠం ఎంతో టైరు పక్కగోడ మీద అచ్చువేసి ఉంటుంది. పెట్రోలు బంకులో గాలి పెట్టించుకునే వారు ఈ అంకె చెప్పి పెట్టించుకోవాలి, లేకపోతే సైకిల్ టైరును రాయిలా చేసి పంపుతారు. కొనేటప్పుడే వాల్వు కారు, మోటారు సైకిళ్లకు ఉండే రకమే అని చూసుకుంటే ఎక్కడైనా గాలి దొరుకుతుంది. సన్నటి ప్రెస్టా వాల్వు అయితే అడాప్టరు వెంట పెట్టుకోవాలి.

ఔటర్ రింగు రోడ్డు వెంట 2023లో 23 కిలోమీటర్ల పొడవున ప్రారంభమైన, సౌర ఫలకాల పైకప్పు గల సైకిల్ ట్రాకు మీకు దగ్గరే. అది నున్నటి దారి కనుక అక్కడ ఏ సైకిలైనా సాగుతుంది. పరీక్ష పెట్టేది చెరువు వైపు దిగే దారులే. అక్కడ అసలు సమస్య పల్లేరు కాయలు. వానాకాలంలో పచ్చగా పాకిన పల్లేరు తరువాత ఎండిపోయి, దాని కాయల ముళ్లు గట్టిపడతాయి; దారి అంచున గడ్డిలోకి చక్రం దిగిందంటే ఒక్కసారే నాలుగైదు గుచ్చుకుంటాయి. సర్కారు తుమ్మ ముల్లు ఇంకా లోతుగా దిగుతుంది. అందుకే సస్పెన్షన్ మీద పెట్టబోయే డబ్బులో కొంత తీసి రెండు ట్యూబుల్లోనూ పంచరు ద్రవం పోయించమంటాను. చిన్న ముళ్ల రంధ్రాలు దానితో వాటంతట అవే మూసుకుంటాయి. ముల్లు గుచ్చుకున్నా ఇంటికి చేరేదాకా దాన్ని పీకకండి.

గేర్ల సంగతికి వస్తే, ముందు పళ్ల చక్రాలు మూడు, వెనుక ఏడు ఉంటే 21 అని లెక్క చెబుతారు కానీ, వాటిలో చాలా గేర్లు ఒకదానితో ఒకటి దాదాపు సమానంగా ఉంటాయి. చౌక సైకిళ్లలో ముందు గేరు మార్చే భాగం తరచూ సర్దుబాటు తప్పి చైనును పడేస్తుంది. ముందు ఒక్కటే చక్రం, వెనుక ఏడు ఉంటే మన దగ్గరి ఎత్తుపల్లాలకు సరిపోతుంది. వెనుక ఏడింటిలో పెద్దదానికి కనీసం 28 పళ్లు ఉండాలి, 34 ఉంటే కూరగాయల సంచితో ఎత్తు ఎక్కడం ఇంకా సులువు.

బ్రేకుల విషయంలో నా అభిప్రాయం అందరూ ఒప్పుకోరని తెలుసు. చెరువు పక్కన నల్లమట్టి బురదలో రిమ్ము మీద పట్టే వీ బ్రేకు దగ్గర మట్టి పేరుకుపోతుంది, చక్రం మధ్యలోని ప్లేటును పట్టే డిస్క్ బ్రేకుకు ఆ ఇబ్బంది తక్కువ; ఇది నిజం. అయినా మీరు రోజూ బురదలో తొక్కరు. అల్యూమినియం రిమ్ముతో మంచి వీ బ్రేకు చాలు, దాని రబ్బర్లు ఏ సైకిల్ షాపులోనైనా దొరుకుతాయి, ఎవరైనా పది నిమిషాల్లో మారుస్తారు. చౌక డిస్క్ ప్లేటు ఒకసారి వంగిందంటే రాసుకుంటూ మోగుతూనే ఉంటుంది. మెరిసే ఉక్కు రిమ్ములు మాత్రం వద్దు, వానలో తడిస్తే వాటి మీద బ్రేకు సరిగా పట్టదు.

అన్నింటికన్నా ముఖ్యమైనది ఫ్రేము కొలత, దుకాణాల్లో అందరూ తేలిగ్గా దాటేసేదీ ఇదే. ఉన్న ఒక్క కొలతనే అందరికీ సరిపోతుందని అమ్ముతారు. నేల మీద రెండు పాదాలూ ఆనించి ఫ్రేము పైకడ్డీకి అటూ ఇటూ కాళ్లు వేసి నిలబడితే కనీసం రెండు మూడు సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి. తరువాత సీటు మీద కూర్చొని, పెడల్ పూర్తిగా కిందికి వచ్చినప్పుడు దాని మీద మడమ ఆనిస్తే మోకాలు నిటారుగా రావాలి. ముందరి పాదంతో తొక్కేటప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది, అదే సరైన ఎత్తు. సీటు గొట్టాన్ని దాని మీద గీసి ఉన్న గరిష్ఠ ఎత్తు గీత దాటించి పైకి లాగితే తప్ప ఈ ఎత్తు రాకపోతే ఆ ఫ్రేము మీకు చిన్నది. మోకాళ్ల నొప్పులతో సైకిల్ మానేసిన వాళ్లను నేను చూశాను, వాళ్లలో చాలామంది తప్పు కొలత మీద తొక్కినవారే.

ఇంటి పనుల కోసం ఫ్రేముకు వెనుక ఇరుసు దగ్గర, సీటు కింద క్యారియర్, మడ్గార్డు బిగించే మర రంధ్రాలు ఉన్నాయేమో చూడండి. క్యారియర్ మీద ఎంత బరువు పెట్టవచ్చో రాసి ఉంటుంది, మామూలుగా 25 కిలోలు. పక్క స్టాండు మీద బరువు పెట్టి వదిలితే సైకిల్ పడిపోతుంది కనుక రెండు కాళ్ల స్టాండు వేయించుకోండి. మడ్గార్డుకూ టైరుకూ మధ్య వేలు దూరేంత సందు లేకపోతే నల్లమట్టి ఇరుక్కుని చక్రం ఆగిపోతుంది.

2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది, బిల్లులో అది కనబడేలా అడిగి తీసుకోండి. హీరో, హెర్క్యులెస్, డెకథ్లాన్ వంటి వాటిలో ఏది తీసుకున్నా, మీ వీధి పంచరు షాపులో ఆ కొలత ట్యూబు ఉంటుందో లేదో ముందుగా కనుక్కోండి. 700సీ, 29 అంగుళాలు అని రెండు పేర్లతో పిలిచే చక్రాల కొలతల్లో రిమ్ములు రెండింటి వ్యాసమూ 622 మిల్లీమీటర్లే కాబట్టి, వెడల్పు కుదిరితే ఒకదాని ట్యూబు మరొకదానికి పనికొస్తుంది. కొన్న నెల తరువాత చువ్వలు బిగింపజేసి చక్రాల బెండు తీయించండి. కొత్త చువ్వలు తొలి వారాల్లో సర్దుకుని కాస్త సడలుతాయి, వాటిని అలాగే వదిలేసి క్యారియర్ మీద బరువు మోస్తే వెనుక చక్రంలో ఒక్కొక్కటే తెగడం మొదలవుతుంది.