పాత జీపులో రోజూ ఆఫీసుకు వెళ్ళాలనుకునే మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీర్వదించి వ్రాయునది.

నువ్వు కొన్న మహీంద్రా ఎం.ఎం. 540 జీపును మొన్న ఆదివారం చూసినప్పుడు, నీ స్నేహితుల ముందు చెప్పడం బాగుండదని ఊరుకున్న మాటలు కొన్ని ఉన్నాయి. అవి ఇప్పుడు వివరంగా వ్రాస్తున్నాను. రాజోలు నుంచి అమలాపురం ఆఫీసుకు రోజూ దానిలోనే వెళ్ళి రావాలని నీ కోరిక. ఆ కోరిక తప్పు కాదు, తీరనిది అంతకన్నా కాదు. అయితే ఆ బండిని నీకు అమ్మిన పెద్దమనిషి చెరువు గట్ల బురదలో తిప్పుకోవడానికి, ఇనుప పట్టీలు పేర్చి కట్టిన కమాన్ స్ప్రింగులను బండి చట్రానికి వేలాడదీసే షాకిల్స్ పొడవు పెంచి, లావు కమాన్లు వేయించి, ట్రాక్టరు టైర్లలాంటి టైర్లు తగిలించాడు. దాని మీద నువ్వు మెత్తటి సీట్లు, పాటల పెట్టె, ఏ.సి. అంటూ ఒక జాబితా రాసుకున్నావు. ఆ జాబితాను కొన్నాళ్ళు బీరువాలో పెట్టు. ముందుగా బిగుసుకుపోయిన వాటిని విడదీయడం, అనవసరంగా చేర్చిన వాటిని తీసివేయడం అనే రెండు పనులు పూర్తి చేస్తే, ఆ జాబితాలో సగం నువ్వే కొట్టేస్తావు.

ఈ బండి పుట్టుక ఏమిటో గుర్తుంచుకుంటే దాని నుంచి ఎంత ఆశించాలో తెలుస్తుంది. రెండవ ప్రపంచ యుద్ధం కోసం చేసిన విల్లీస్ జీపు వంశంలోది ఇది. ముందు, వెనక రెండు చోట్లా గట్టి ఇరుసు, దాని మీద కమాన్ కట్టలు, పొట్టి ఛాసిస్ (చట్రం), లోపల 2112 సి.సి. ప్యూజో డీజిల్ ఇంజిను. మహీంద్రా వారు కూడా 2010లో థార్ తెచ్చినప్పుడు సి.ఆర్.డి.ఇ. అనే డీజిల్ ఇంజిను రకానికి ముందు వైపు కమాన్లు మానేసి, మెలితిరిగి స్ప్రింగులా పనిచేసే టోర్షన్ బార్లు పెట్టారు, 2020లో వచ్చిన కొత్త థార్‌కు వెనక కూడా కమాన్లు తీసివేసి కాయిల్ స్ప్రింగులు వేశారు. తయారుచేసిన వారే అంత మార్చవలసి వచ్చిందంటే, మన షెడ్డులో నాలుగు రోజుల పనితో ఇది కారు కాబోదని నువ్వు గ్రహించాలి. గంటసేపు నడిపి దిగినా నడుము పట్టని జీపుగా మాత్రం తప్పకుండా అవుతుంది.

పని మొదలుపెట్టేటప్పుడు పైనున్న రంగు చూడకు, కింద పడుకుని ఛాసిస్ చూడు. మన కోనసీమలో ఇనుముకు సముద్రపు గాలి ఒక శత్రువైతే, బురద రెండో శత్రువు. ఛాసిస్ డొల్లలోకి వెళ్ళిన బురద ఏడాది పొడవునా ఆరదు, లోపలి నుంచి తినేస్తుంది. చిన్న సుత్తి తీసుకుని షాకిల్ బ్రాకెట్ల దగ్గర, స్టీరింగ్ బాక్సు బిగించిన చోట, వెనక అడ్డపట్టీ మీద వరుసగా తట్టుకుంటూ వెళ్ళు. మంచి ఇనుము గంటలా పలుకుతుంది, తుప్పు తిన్న చోట కొబ్బరి డొప్ప మీద కొట్టినట్టు చప్పగా వినిపిస్తుంది. అలా చప్పగా పలికిన చోట అతుకు వేయించేవరకు మిగతా ఏ పనికీ రూపాయి ఖర్చు పెట్టకు.

ఇక అసలు విషయం కమాన్లు. కుదుపు ఎక్కువగా ఉందనగానే కమాన్ మెత్తగా లేదని అందరూ అంటారు. నిజానికి చాలా జీపుల్లో పట్టీల మధ్య తుప్పు చేరి, అన్నీ కలిసి ఒకే దిమ్మలా బిగుసుకుపోయి ఉంటాయి. కమాన్ కట్ట వంగాలంటే పట్టీ మీద పట్టీ జారాలి. ఆ జారడం ఆగిపోయినప్పుడు గుంటలో పడిన దెబ్బ తిన్నగా నీ వెన్నుపూసకే చేరుతుంది. అందువల్ల నాలుగు కట్టలూ దింపి, సెంటర్ బోల్టు విప్పి, ప్రతి పట్టీని వైరు బ్రష్షుతో తళతళలాడే వరకు రుద్దించి, పైపట్టీ కొన కిందిపట్టీలో గాడి తవ్వి ఉంటే ఆ గాడిని గ్రైండరుతో నున్నగా చేయించి, గ్రాఫైటు గ్రీజు పూసి మళ్ళీ కట్టించు. పట్టీల కొనల మధ్య నైలాను ముక్కలు పెట్టించగలిగితే మరీ మంచిది. ఈ ఒక్క పనికే బండి నడక ఎంత మారుతుందో నువ్వే చూస్తావు.

శుభ్రం చేశాక కూడా గట్టిగానే ఉంటే అప్పుడు మందం సంగతి ఆలోచించాలి. పట్టీ గట్టితనం దాని మందపు ఘనాన్ని బట్టి, అనగా మందం × మందం × మందం లెక్కన పెరుగుతుంది. అంటే 8 మిల్లీమీటర్ల పట్టీ స్థానంలో అదే పొడవు, అదే వెడల్పు గల 6 మిల్లీమీటర్ల పట్టీ వేస్తే, దాని గట్టితనం మొదటిదానిలో 42 శాతమే ఉంటుంది. కాబట్టి నాలుగు లావు పట్టీలున్న కట్ట కన్నా, అంతే బరువు మోయగల ఎక్కువ సన్న పట్టీల కట్ట మెత్తగా ఆడుతుంది, అంతే వంపుకు పట్టీ మీద పడే ఒత్తిడి కూడా తగ్గుతుంది. పాత యజమాని వేయించిన లావు కమాన్లు తీయించి, కంపెనీ కొలతల ప్రకారం కట్టించిన కట్టలు వేయించమని చెబుతున్నది ఇందుకే.

పట్టీలు ఊడదీసేస్తే సరిపోతుంది కదా అని నీకు ఎవరైనా చెబుతారు. ఆ తెలివి నాకూ ఒకప్పుడు ఉండేది. షెడ్డు పెట్టిన కొత్తలో నా సొంత జీపు వెనక కట్టల్లోంచి రెండేసి పట్టీలు తీసేశాను. అందులో ఒకటి అన్నిటికన్నా పైనుండే మెయిన్ పట్టీని ఆనుకుని, బోల్టు దూర్చడానికి దాని కొన చుట్టి చేసిన కన్నును చుట్టుకుని ఉండే రెండో పట్టీ. నెల రోజులు ఊయలలా నడిచింది, నేనూ అందరికీ గొప్పగా చెప్పుకున్నాను. ఆ మాఘమాసంలో అంతర్వేది తీర్థానికి చుట్టాలను తొమ్మిది మందిని ఎక్కించుకుని బయలుదేరితే, దారిలో ఒక తూము దగ్గర మెయిన్ పట్టీ కన్ను దగ్గర పుటుక్కున విరిగింది. రెండో పట్టీ ఉండి ఉంటే అది ఇరుసును పట్టి ఉంచేది. అది లేకపోవడంతో ఇరుసు ఒక పక్కకు జరిగి, ఇంజిను శక్తిని ఇరుసుకు చేర్చే ప్రొపెల్లర్ షాఫ్టు ఊడి కింద పడింది. నెమ్మదిగా వెళ్తున్నాం కనుక ఎవరికీ దెబ్బ తగలలేదు. మీ అత్తయ్య మాత్రం ఆ సంగతి ఇప్పటికీ పండగ పండగకీ గుర్తు చేస్తూనే ఉంటుంది. తీయవలసి వస్తే అన్నిటికన్నా కింద ఉన్న పొట్టి పట్టీ ఒక్కటే తీయించు. తీశాక నలుగురిని ఎక్కించి, ఇరుసుకూ దాని పైనున్న రబ్బరు దిమ్మకూ మధ్య నాలుగు వేళ్ళ సందు మిగిలిందో లేదో చూసుకో.

పొడవు పెంచిన షాకిల్స్ తీసేయించి, అసలు కొలతవి వేయించు. వాటి వల్ల ముందు ఇరుసు వాలు మారిపోయి, మలుపు తిప్పాక స్టీరింగ్ దానంతటది తిన్నబడటం లేదు. అది నేను నడిపిన ఆ కాసేపట్లోనే తెలిసింది. కమాన్ కళ్ళలో కొత్త రబ్బరు బుష్‌లు వేసేటప్పుడు కుర్రవాళ్ళు బండి జాకీ మీద గాలిలో ఉండగానే షాకిల్ బోల్టులు బిగించేస్తారు. అలా బిగిస్తే బండి కిందికి దిగగానే రబ్బరు మెలి తిరిగి, కట్ట స్వేచ్ఛగా ఆడదు, బుష్ కూడా త్వరగా చిరిగిపోతుంది. చక్రాలు నేల మీద ఆని, బండి బరువు కమాన్ల మీద పడ్డాకే చివరి బిగింపు చేయాలి. పక్కన నిలబడి చూసుకో. షాకబ్జర్లు కూడా బండి ఎత్తు తగ్గాక కొత్తగా కొలిచి కొనాలి, ఇప్పుడున్నవి పొడవు ఎక్కువై లోపల కొట్టుకుంటాయి. ఖరీదైనవి, గట్టివి అని మురిసిపోయి కొంటే కమాన్ మీద మిగిల్చిన మెత్తదనమంతా అక్కడ పోగొట్టుకుంటావు.

టైర్ల విషయంలో నీకు మనసు కష్టంగా ఉంటుందని తెలుసు. ఆ పెద్ద కండల టైర్లు ఫోటోకు బాగుంటాయి. హైవే మీద అవి తేనెపట్టులా హోరు పెడతాయి, బరువు వల్ల గుంటలో పడి లేచేటప్పుడు ఇరుసును కూడా ఎగరేస్తాయి. రోడ్డుకు పనికివచ్చే రేడియల్ టైర్లు, బండితో వచ్చిన కొలతకు దగ్గరలో ఉన్నవి తీసుకో. గాలి 26 పౌండ్ల దగ్గర మొదలుపెట్టి ముగ్గుపిండితో పరీక్ష చేయి. తడి చేత్తో టైరు మీద అడ్డంగా ఒక పట్టీలా ముగ్గు రాసి, తారు రోడ్డు మీద తిన్నగా వంద అడుగులు నడిపి దిగి చూడు. మధ్యలో మాత్రమే చెరిగితే గాలి ఎక్కువ, అంచులు మాత్రమే చెరిగితే గాలి తక్కువ. పట్టీ అంతా సమంగా చెరిగిన చోట ఎన్ని పౌండ్లున్నాయో డాష్‌బోర్డు లోపల రాసి పెట్టుకో. ముందు చక్రాలకు, వెనక చక్రాలకు ఆ లెక్క వేరువేరుగా వస్తుంది.

స్టీరింగ్ బరువుగా ఉందని పవర్ స్టీరింగ్ పెట్టిస్తానన్నావు. దానికి ముందు, ముందు చక్రాలు అటూ ఇటూ తిరగడానికి ఇరుసు కొనల్లో ఉండే కింగ్‌పిన్ బేరింగులు చూడాలి. రెండు ముందు చక్రాలనూ కలిపే టై రాడ్డు విప్పి, చక్రం తిరిగే బొడిపెను చేపల బజారులో వాడే కొక్కెం కాటాతో లాగితే, అది కదలడానికి ఎంత బరువు పడుతోందో ముల్లు చూపిస్తుంది. బిగువు ఎక్కువైతే చేతులు నొప్పి, తక్కువైతే గుంట తగిలినప్పుడు ముందు చక్రాలు రెండూ వణికిపోతాయి. మూతల కింద ఉండే పలుచని రేకులు చేర్చి గానీ తీసి గానీ దాన్ని సరిచేస్తారు. ఆ తరువాత ఒక మనిషిని స్టీరింగ్ దగ్గర కూర్చోబెట్టి కొంచెంగా అటూ ఇటూ తిప్పమని, నువ్వు కింద ప్రతి బాల్ జాయింటు మీద చేయి వేసి చూడు. ఎక్కడ చేతికి టక్‌మని తగిలితే అక్కడ మార్చాలి. ఇవన్నీ అయ్యాక, కొత్తగా వేసిన సన్న టైర్లతో స్టీరింగ్ నీకు బరువుగా అనిపించకపోవచ్చు. బ్రేకులకు కూడా ఇదే వరుస, మొదట ఇప్పుడున్న డ్రమ్ములు, షూలు, సిలిండర్లు కొత్తగా చేయించి, అప్పుడు మిగతా ఆలోచన.

చప్పుడు గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. ఇంజిన్ మౌంటింగు రబ్బర్లు, బాడీకీ ఛాసిస్‌కీ మధ్య రబ్బరు దిమ్మలు మార్పించు. ప్రొపెల్లర్ షాఫ్టు విప్పి బిగించినప్పుడు రెండు కొనల్లో ఉండే కవల కొమ్ముల్లాంటి యోకులు ఒకే వరుసలో ఉండాలి, ఒక పన్ను తప్పినా కాళ్ళ కింద సన్నగా జలదరింపు వస్తుంది. ముందు చక్రాలకు, వాటిని ఇరుసు నుంచి విడదీసే ఫ్రీవీల్ హబ్‌లు ఉంటే రోడ్డు మీద విడదీసి నడుపు. నేల మీద పరచడానికి దుప్పటి లాంటి ఫెల్టు మాత్రం వద్దు. మన వానల్లో అది నీళ్ళు పీల్చుకుని కింది రేకును రెండేళ్ళలో జల్లెడ చేస్తుంది. నీరు పీల్చని ఫోము షీటు వేయించి, నీళ్ళు పోయే రంధ్రాలు మూయకుండా చూడు.

హైవే మీద ఇంజిను ఏడుస్తోందన్నావు. యుద్ధం తరువాత జనం కోసం చేసిన పాత విల్లీస్ జీపుల్లో, ఇరుసు మధ్యలో ఉండే క్రౌను అనే పెద్ద గేరుకు 43 పళ్ళు, దాన్ని తిప్పే పినియను అనే చిన్న గేరుకు 8 పళ్ళు ఉండి 5.38 నిష్పత్తి వచ్చేది. బరువు లాగడానికి అది మేలు, వేగానికి కాదు. నీ బండిలో ఏ జత ఉందో మూత విప్పి పళ్ళు లెక్కపెట్టించాకే మాట్లాడుకుందాం. మార్చవలసి వస్తే ముందు, వెనక రెండు ఇరుసులకూ ఒకే నిష్పత్తి వేయాలి. ఒక్కదానికే మార్చి ఫోర్ వీల్ వేస్తే, శక్తిని రెండు ఇరుసులకూ పంచే ట్రాన్స్‌ఫర్ గేరు విరుగుతుంది.

సీటును చివరికి ఉంచాను, ఎందుకంటే అంతవరకు చేసింది సరిగా ఉంటే సీటు పని తేలిక. స్పాంజి మందంగా ఉండటం కన్నా, తొడ కింద ఆసరా ఉండటం, మోకాలు పూర్తిగా మడవకుండా క్లచ్చు తొక్కగలగడం ముఖ్యం. రబ్బరు పట్టించిన కొబ్బరి పీచు దిమ్మ మీద రెండు అంగుళాల ఫోము వేసి రెగ్జిన్ కుట్టించు. పీచులో గాలి ఆడుతుంది, ఎండాకాలం వీపు తడవదు. సీటు ఫ్రేమును, బెల్టు బోల్టులను పలుచని రేకుకు బిగించి వదిలేయకుండా కింద మందపాటి ప్లేటు పెట్టించు.

కాగితాల సంగతి కూడా చూసుకో. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు ఇచ్చిన రూపానికి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. ముందు వేలాడుతున్న ఆ ఇనుప బంపరు గార్డు మీద 2017 డిసెంబరు నుంచే కేంద్ర ప్రభుత్వానికి అభ్యంతరం ఉంది కనుక దాన్ని విప్పించు, ముందు ఇరుసు మీద బరువు కూడా తగ్గుతుంది. ఇంజిను గానీ బాడీ గానీ మార్చే ఆలోచన వస్తే ముందుగా ఆర్.టి.ఓ. కార్యాలయంలో అడిగి, అనుమతి కాగితం చేతికి వచ్చాకే చేయి. పదిహేనేళ్ళు దాటిన బండి కాబట్టి ఐదేళ్ళకోసారి బ్రేక్ ఇన్‌స్పెక్టరు ముందు నిలబెట్టవలసిందే. పాత కొలతలకు తెచ్చిన జీపుతో అక్కడ మాట పడనక్కరలేదు.

ఈ పనులన్నీ ఒకేసారి చేయించవద్దు. ఒకటి చేసి, బోడసకుర్రు వంతెన మీద నలభై వేగంలో ఒకసారి వెళ్ళిరా. వంతెన అతుకుల మీద పొట్టి బండి ముందుకూ వెనక్కూ ఎలా తల ఊపుతోందో గమనించి, ఇంటికి వచ్చి రాసుకో, ఆ తరువాతే రెండోది. అప్పుడు ఏ పని వల్ల ఎంత మేలు కలిగిందో నీకు తెలుస్తుంది, మెకానిక్కు చెప్పే మాటల మీద ఆధారపడనక్కరలేదు.

కమాన్లు కట్టించాక, వాటిని ఇరుసుకు పట్టి ఉంచే యూ బోల్టులు ఐదు వందల కిలోమీటర్లకు మళ్ళీ బిగించాలి. ఆ రోజు బండి మా ఇంటికి తీసుకురా. స్పానర్లు, జాకీ నా దగ్గర ఉన్నాయి. కింద పడుకోవడానికి గోనెసంచి మాత్రం నువ్వు తెచ్చుకో, నా నడుము ఇప్పుడు వంగడం లేదు.

ఇట్లు,
మీ మావయ్య