వైట్ వైన్‌లో రాతి రుచి నిజంగా నేలలోంచే వస్తుందా?

ఫ్రాన్స్‌లోని షాబ్లీ ప్రాంతపు వైట్ వైన్‌లో తడి రాయి రుచి ఉంటుందంటారు, అది నిజంగా నేలదేనా లేక అమ్ముకోవడానికి చెప్పే మాటా అని అడిగారు. నేల ప్రభావం నూటికి నూరు పాళ్లు నిజం. రాయి కరిగి గ్లాసులోకి వస్తుందన్నది మాత్రం నేను నమ్మను. ద్రాక్ష తీగ వేళ్లు పీల్చుకునేది నీటిలో కరిగిన పొటాషియం, కాల్షియం లాంటివాటినే, అవి వైన్‌లోకి చేరేది కొద్దిగా, ఆ కొద్దిపాటికి రుచి దాదాపు ఉండదు. భూగర్భ శాస్త్రవేత్త అలెక్స్ మాల్ట్‌మన్ ఈ మాట చాలా ఏళ్లుగా చెబుతున్నారు.

మరి నేల చేసేదేంటంటే, ముందుగా నీళ్ల సంగతి చూసుకుంటుంది. ఫ్రాన్స్‌లోని బోర్డోలో జెరార్ సెగాన్ అనే శాస్త్రవేత్త చేసిన పరిశోధనలు తేల్చిందీ ఇదే, నేలలో ఏ ఖనిజాలున్నాయన్న దానికంటే అది తీగకి నీళ్లు ఎలా అందిస్తుందన్నదే ముఖ్యమని. ఫ్రాన్స్‌లోనే షాంపేన్ ప్రాంతపు సుద్ద నేల వాన నీటిని సన్నటి రంధ్రాల్లో దాచుకుని ఎండల్లో మెల్లగా వదులుతుంది, ఎక్కువైన నీరు కిందకి దిగిపోతుంది. నీళ్లు మరీ ఎక్కువైతే తీగ ఆకులేస్తూనే ఉంటుంది, గుత్తుల మీద నీడ పడుతుంది, రసం పలచబడుతుంది. అలాగని తెల్ల ద్రాక్షని ఎండగట్టకూడదు, ఎర్ర ద్రాక్ష తట్టుకునేంత కరువు దీనికి పనికిరాదు. సోవిన్యాఁ బ్లాఁ అనే తెల్ల ద్రాక్షలో ఘాటైన పండ్ల వాసనలకు మూలమైన పదార్థాలు నీటి ఎద్దడి తీవ్రమైతే తగ్గిపోతాయి.

తర్వాతది వేడి. జర్మనీలోని మోజెల్ నది లోయలో నల్లటి పలకరాయి పగటి వేడిని పట్టి ఉంచి రాత్రి వదులుతుంది, అంత ఉత్తరాన రీస్లింగ్ అనే తెల్ల ద్రాక్ష పులుపు పోకుండా పండటానికి ఆ రాయీ, నిటారు వాలూ, కింద నదీ అన్నీ కలిసి పనిచేస్తాయి.

పొటాషియం గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు గానీ నాకు ఇదే అన్నిటికంటే ఆసక్తికరం. రసంలో అది ఎక్కువైతే టార్టారిక్ ఆమ్లంతో కలిసి స్ఫటికాలుగా కిందకి దిగిపోతుంది, పులుపు చచ్చుబడుతుంది. 1950, 60లలో ఫ్రాన్స్‌లోని బుర్గుండీలో పొటాష్ (పొటాషియం) ఎరువులు విపరీతంగా వేసిన తోటలు ఆ ఫలితాన్ని చాలాకాలం అనుభవించాయి.

నేల తేడా రుచిలో తెలుస్తుందా అంటే, నా అనుభవం ఫ్రాన్స్‌లోని సాన్సేర్ వైన్లతో. ఒకే రైతు, ఒకే ఏడాది, ఒకే ద్రాక్ష, ఒకటి సున్నపురాయి ముక్కల నేలది, ఇంకోటి చెకుముకి రాళ్ల నేలది, సీసాలకు కాగితం చుట్టి తాగాం. సున్నపు నేలది మూత తీయగానే పరిమళించింది, చెకుముకి నేలది బిగుసుకుని కూర్చుంది, గంటసేపటికి గానీ విచ్చుకోలేదు, కానీ నోట్లో ఎక్కువసేపు నిలిచింది అదే. తేడా అందరికీ తెలిసింది. అయితే చెకుముకి రాళ్లు కొట్టినప్పుడొచ్చే వాసన లాంటిది వైన్లో తగిలితే అది రాయిది కాదు, గంధకం ఉన్న ఒక సమ్మేళనానిది. రసంలో నత్రజని తక్కువైతే ఈస్ట్ ఇబ్బంది పడి గంధకపు వాసనలు పుట్టిస్తుంది, కాబట్టి బీద నేలకి ఇందులో వాటా ఉండొచ్చు, కానీ సెల్లార్‌లో, అంటే వైన్ తయారయ్యే చోట, చేసే పని వాటా కూడా తక్కువేం కాదు.

షాబ్లీకొస్తే, అక్కడి కిమ్మెరిజియన్ అనే పురాతన సున్నపు బంకమట్టి నేలలో చిన్న చిన్న ఆల్చిప్పల శిలాజాలు నిజంగానే ఉంటాయి, దాంతో వైన్‌లో సముద్రం ఉందని కథ అల్లేశారు. కానీ అక్కడి గ్రాఁ క్రూ (అన్నిటికంటే పై శ్రేణి) తోటలు నైరుతి వైపు ఎండ తగిలే వాలు మీద ఉంటాయి, పెటీ షాబ్లీ (అన్నిటికంటే కింది శ్రేణి) తోటలు చాలావరకు పైన గట్టి సున్నపురాయి మీద, చలిగాలి తగిలేచోట ఉంటాయి. ఇందులో నేలదెంత, వాలుదెంత అని విడదీసి చెప్పడం కష్టం. పులుపు ఎక్కువగా, పండ్ల వాసన తక్కువగా, కొత్త చెక్క పీపా రుచి లేకుండా ఉన్న వైన్‌నే మనం చాలాసార్లు రాతి రుచి అంటాం.

మీరే పరీక్షించాలంటే ఒకే తయారీదారు, ఒకే ఏడాది, రెండు వేర్వేరు తోటలు ఎంచుకోండి, రెండూ ఒకేలాంటి పీపాల్లో పెంచారో లేదో ముందే అడగండి. 12 డిగ్రీల దగ్గర తాగండి, ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే తాగితే ఏ తేడా తెలీదు.