తాతగారి తుపాకీ కర్ర నల్లబడితే పాలిష్ కాదు, సుద్ద పట్టించండి

ప్రశ్న: మాస్టారూ నమస్కారమండి. మాది పర్లాకిమిడి. మా తాతగారి డబుల్ బ్యారెల్ (రెండు గొట్టాల) 12 బోర్ తుపాకీ ఒకటుంది, బర్మింగ్‌హామ్‌లో చేసింది, ఆయనకి లైసెన్సు ఇచ్చేనాటికి మన ఊరు ఇంకా మద్రాసు ప్రెసిడెన్సీ గంజాం జిల్లాలోనే ఉండేదట, ఇప్పుడు లైసెన్సు నా పేరు మీదే ఉంది. మొన్న ఎలక్షన్లకి పోలీస్ స్టేషన్లో డిపాజిట్ చేసి తెచ్చుకున్నాక చూద్దును కదా, గొట్టాల వెనకుండే చెక్క భాగం, అదే కర్ర, దాని మీద రెండు సొట్టలు, చేత్తో పట్టుకునే సన్నటి మెడ దగ్గర వెంట్రుకంత పగులు, ఇనుము ఆనుకున్న చోటైతే బొగ్గులా నల్లగా ఉన్నాది. భుజానికి ఆనే కొమ్ము పలకని పురుగు తినేసింది. మా వడ్రంగి మిషన్ పెట్టి గీకేసి మెలమైన్ పాలిష్ (ఫర్నిచర్‌కి కొట్టే మెరుపు పూత) కొట్టేస్తే అద్దంలా వస్తాదంటున్నాడు. కొట్టించీమంటారా?

జవాబు: కొట్టించకండి బాబూ. సొట్టలు స్టేషన్లో పడ్డాయేమో గానీ నలుపు మాత్రం మీ ఇంట్లోదే. తుపాకీని బీరువాలో గొట్టం పైకి పెట్టి నిలబెడతారు కదా, లోపల వేసిన నూనంతా ఏళ్ల తరబడి కిందకి జారి కర్ర మొదట్లోకి ఇంకిపోతుంది, అక్కడ కర్రని అడ్డంగా కోసిన ముఖం ఉంటుంది కాబట్టి స్ట్రా పెట్టి తాగినట్టు తాగేస్తుంది. నూనె తాగిన కర్ర మెత్తబడుతుంది, పేల్చినప్పుడు వెనక్కి వచ్చే తన్నుకి ఇనుము ఆ మెత్తటి కర్రలోకి దిగి మెడని చీలుస్తుంది. నలుపూ పగులూ రెండు జబ్బులు కావు, ఒకటే. పైన అద్దంలాంటి పాలిష్ కొడితే నూనె లోపలే ఉండిపోతుంది, పగుల్లో ఏ జిగురు పెట్టినా పట్టదు.

ముందు తుపాకీ ఖాళీగా ఉందో లేదో రెండుసార్లు చూసుకోండి, పగులు సంగతి తేలేదాకా పేల్చొద్దు. కర్ర విప్పించడం లైసెన్సున్న తుపాకుల షాపులోనే, ఎందుకంటే ఒకటి, ఆయుధ చట్టం 1959 ప్రకారం రిపేరు వ్యాపారానికి లైసెన్సు ఉండాలి, రెండు, ఆ స్క్రూల గాడి చాలా సన్నం, మామూలు స్క్రూడ్రైవరు పెడితే అంచులు చిట్లుతాయి. సరిహద్దు దాటితే ఆంధ్రాలో ఉన్న పాతపట్నంలో మంచి వడ్రంగి ఉన్నాడు, నాలుగు అడుగులే కదా అని బండి మీద పట్టుకెళ్లిపోకండి, మీ లైసెన్సు ఒడిశా వరకే అయితే ఆ నాలుగు అడుగులే కేసవుతాయి.

కర్ర విడిగా చేతికొచ్చాక సుద్దపొడిని ఎసిటోన్‌తో దోసెపిండిలా కలిపి నల్లబడ్డ చోట మందంగా పట్టించండి. ఆరుబయట చెయ్యండి, ఎసిటోన్ ఇట్టే అంటుకుంటుంది, పొయ్యి దగ్గరా బీడీ దగ్గరా వద్దు. ఆరేసరికి తెల్ల సుద్ద పసుపో గోధుమ రంగో అవుతుంది, అదంతా మీ తాతగారు పోసిన నూనే. బ్రష్‌తో దులిపి, కర్రని కాసేపు ఎండలో పెడితే లోపలి నూనె పైకి వస్తుంది, మళ్లీ పట్టించండి. అయిదుసార్లో పదిసార్లో, సుద్ద తెల్లగా ఊడే దాకా, విసుగు పుడుతుంది గానీ ఈ పనిలో అసలు పనంతా ఇదే.

తర్వాత పగులు. అరాల్డైట్‌లో నిదానంగా గట్టిపడే రకం తీసుకోండి, అయిదు నిమిషాలది కాదు, కొంచెం వెచ్చచేస్తే పల్చబడి లోపలికి దిగుతుంది, పాత సైకిల్ ట్యూబు బిగించి చుట్టి ఒక రోజంతా వదిలెయ్యండి. పగులు అటునుంచి ఇటు దిగిపోతే మాత్రం లోపల ఇత్తడి పుల్ల వెయ్యాలి, అది షాపువాళ్ల పని.

సొట్టలకి తడిగుడ్డా ఇస్త్రీ పెట్టే చాలు. సొట్ట అంటే కర్ర పోలేదు, నలిగింది అంతే, ఆవిరి తగిలితే పొంగి పైకి వస్తుంది.

మిషన్ గురించి నా సొంత గోడు చెప్తాను. పాతికేళ్ల వయసులో మా మావయ్య తుపాకీ కర్రని సాండ్ పేపరుతో ఉత్సాహంగా రుద్దేశాను, తిరిగి బిగిస్తే చుట్టూ ఇనుము అంచు కర్ర కన్నా పైకి లేచి ఉంది, పెద్ద తమ్ముడి చొక్కా తొడుక్కున్నట్టు. ఇనుమూ కర్రా కలిసే అంచు దగ్గర అసలు రుద్దకూడదు, చేతి పట్టు కోసం చెక్కిన వలగళ్ల మీదా వద్దు, అక్కడ పాత టూత్‌బ్రష్షే. మావయ్య ఏమీ అనలేదు, ఆ తుపాకీ మళ్లీ నాకు చూపించలేదు.

ఇక రంగు. ఆ కాలం ఇంగ్లీషు తుపాకుల ఎర్రటి ఛాయ ఆల్కనెట్ అనే వేరుది, అవిసె నూనెలో నానబెట్టి వాడేవారు, మన ఆయుర్వేదం కొట్లో రతన్‌జోత్ అని అడిగితే అదే కుటుంబానికి చెందిన మొక్క వేరుని ఇస్తారు. నూనె మటుకు హార్డ్‌వేర్ షాపులో బాయిల్డ్ లిన్సీడ్ అని అడగండి, పచ్చిది ఆరడానికి రోజులు పడుతుంది. నాలుగు చుక్కలు, అరచేయి వేడెక్కేదాకా రుద్దుడు, మిగిలింది తుడిచెయ్యడం, రోజుకి ఒక్క పూత, పదో పదిహేనో పూతలు, వానాకాలం అయితే ఇంకా నిదానం. తుడిచిన గుడ్డని మాత్రం ఉండ చుట్టి మూల పడెయ్యకండి, ఆ నూనె ఆరుతూ వేడి పుట్టించి నిప్పు లేకుండానే గుడ్డ అంటుకుంటుంది. విప్పి దండెం మీద ఆరేయండి, లేదా నీళ్లలో ముంచేయండి.

కొమ్ము పలక కోసం ఎక్కడికో రాయక్కర్లేదు, పర్లాకిమిడిలో ఉండి కొమ్ముకి వెతుక్కోవడమేంటి! కొమ్ముతో కొంగలూ రొయ్యలూ చేసేవాళ్ల దగ్గరికి పాత పలక ఒక్కటే పట్టుకెళ్లండి, గేదె కొమ్ముని వేడి చేసి వంచి ఇస్తారు. ఇకమీదట తుపాకీని గొట్టం కిందకి పెట్టి నిలబెట్టండి.

ప్రశ్న: మేము గుణుపురం నుంచి. మా కర్రకి మెలమైన్ కొట్టించేశాం, వానలకి లోపల తెల్లటి మసక వచ్చింది. ఏటి దారి?

జవాబు: తేమ రోజున కొట్టి ఉంటారు, పూత ఆరేటప్పుడు చెమ్మ పట్టేస్తే అలా పాలలా అవుతుంది. గీకొద్దు. పెయింట్ రిమూవర్ రాసి, పొంగాక ప్లాస్టిక్ ముక్కతో ఎత్తండి, మెలమైన్ మొండిది కాబట్టి మూడు నాలుగుసార్లు పడుతుంది, చేతికి గ్లవ్స్ తప్పనిసరి. వలగళ్లలో ఇరుక్కున్నది టూత్‌బ్రష్‌కి వస్తుంది. కర్ర బయటపడ్డాక అక్కడ నలుపు కనిపిస్తే పై జవాబులో సుద్ద దగ్గర నుంచి మొదలుపెట్టండి.