పనిముట్ల పెట్టె మంచం కిందే ఉండిపోయింది

ప్రశ్న: మా అబ్బాయి లెస్టర్‌లో పుట్టి పెరిగాడు, బ్రిటిష్ పౌరుడు. వయసు 31. ఎనిమిదేళ్లుగా ఎలక్ట్రీషియన్. ఆస్ట్రేలియా వెళ్లి పెర్త్‌లో స్థిరపడతానంటున్నాడు. వెళ్లగానే పనిలో చేరవచ్చునా?
– ఒక తల్లి, లెస్టర్

జవాబు: చేరవచ్చునమ్మా, కానీ ఎలక్ట్రీషియన్‌గా కాదు. మావారూ అలాగే అనుకుని, మాంచెస్టర్ నుంచి పనిముట్ల పెట్టెను 23 కిలోలకు సరిగ్గా తూచి మరీ తెచ్చుకున్నారు. ఇక్కడ లైసెన్సు లేనిదే కరెంటు పని ముట్టుకోకూడదు. ఏడు నెలలు పెట్టె మంచం కింద, ఆయన గిడ్డంగిలో బస్తాల కింద!

అందుకే నైపుణ్య పరీక్షకు అక్కడి నుంచే దరఖాస్తు చేయించండి. అప్రెంటిస్ కాగితాలు, పాత యజమానుల ఉత్తరాలు ఇప్పుడే సేకరించాలి. మూతపడిన కంపెనీ సంతకం కోసం మేం పడ్డ తిప్పలు పగవాడికీ వద్దు.

బ్రిటిష్ పాస్‌పోర్టు ఉన్నవారికి 35 ఏళ్ల వరకు వర్కింగ్ హాలిడే వీసా (తిరుగుతూ పనీ చేసుకునే తాత్కాలిక వీసా) ఇస్తారు. 2024 జూలై నుంచి పొలం పనుల వంటివి చేయాలన్న షరతు లేకుండానే వాళ్లు ఏడాది చొప్పున మూడుసార్లు తీసుకోవచ్చు. ఒకే యజమాని దగ్గర మాత్రం సాధారణంగా ఆరు నెలలే. ఇది స్థిరపడే వీసా కాదని అబ్బాయికి గట్టిగా చెప్పండి.

టాక్స్ ఫైల్ నంబరు, అంటే పన్నుల శాఖ ఇచ్చే గుర్తింపు సంఖ్య, ఉచితం. దానికి డబ్బడిగే దళారీ జోలికి పోవద్దు. అద్దె వారానికి చెబుతారు. నెలకనుకుని మేం తెగ సంబరపడ్డాం.

ఆవకాయ కట్టిస్తారుగా, విమానంలో ఇచ్చే కార్డులో ఆ సంగతి తప్పక రాయమనండి.