కట్నం చదివి కథ చెప్పండి

ఈ నెల సంచిలో, ఫోనులో ఎప్పుడైనా వినగలిగే మాటల కార్యక్రమాలైన పాడ్‌కాస్ట్‌ల మీదే నాలుగు ఉత్తరాలు వచ్చాయి. కొత్త పాఠకుల కోసం ఒక మాట. నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర ఇరవై రెండేళ్లు మైకు సెట్టు దుకాణం నడిపాను. చీరల తగ్గింపు ధరల నుంచి తప్పిపోయిన గేదె వరకు, ఆటోలో ఊరంతా తిరిగిన ప్రచారాల్లో చాలావాటికి గొంతు నాదే. ఇప్పుడు వారానికొక పాడ్‌కాస్ట్ చేస్తున్నాను. అమ్మకమంటేనే ముఖం చిట్లించే మనిషి సలహా కావాలంటే మీరు తప్పు చిరునామాకు రాశారు.

ప్రశ్న: బత్తాయి రైతుల అనుభవాలతో ఏడాదిన్నరగా పాడ్‌కాస్ట్ చేస్తున్నాను. మా నాన్న తోటలో మొదలైన పని. 46 ఎపిసోడ్లు అయ్యాయి. ఒక్కొక్కటి 400 మంది దాకా వింటారు. పిందె రాలకుండా చేసే ద్రావణం అమ్ముతామంటూ ఒక కంపెనీ ప్రతినిధి వచ్చారు. తమ నిపుణుడిని ఇంటర్వ్యూ చేస్తే 12,000 రూపాయలు ఇస్తారట. డబ్బు సంగతి మాత్రం ఎక్కడా చెప్పకూడదట, మామూలుగా మాట్లాడుకున్నట్టే ఉండాలట. మైకు, రికార్డరు కొన్న అప్పు ఇంకా తీరలేదు. ఒప్పుకోమంటారా అన్నా? (పాఠకురాలు, హాలియా)

జవాబు: చెల్లెమ్మా, ముందు లెక్క వేద్దాం. పాడ్‌కాస్ట్ ప్రకటనలకు సాధారణంగా వెయ్యి డౌన్‌లోడ్లకు ఇంత అని ధర కడతారు. మాటవరసకు వెయ్యికి 300 రూపాయలు అనుకోండి. మీ 400 మందికి వచ్చేది 120. వినేవాళ్లంతా బత్తాయి రైతులే కాబట్టి ఆ కంపెనీకి వాళ్లు ఎక్కువ విలువైనవాళ్లని ఒప్పుకుందాం, పదింతలు వేద్దాం. 1,200 అయింది. ఆయన ఇస్తానన్నది 12,000. మిగిలిన 10,800 దేనికిస్తున్నట్టు? మీరు చెప్పకుండా ఉండవలసిన ఆ ఒక్క మాటకు. ఆయన్ను నేను తిట్టను, వ్యాపారి ఏది అమ్మకానికి దొరికితే అది కొంటాడు. అమ్మాలా వద్దా అన్నది మీ చేతిలో పని.

రేడియోలో ఈ చిక్కు తక్కువ. వార్తలు చదివే మనిషి సబ్బు గురించి మాట్లాడడు. సబ్బుకు వేరే గొంతు, వేరే పాట ఉంటాయి. పాడ్‌కాస్ట్ పుట్టుకే వేరు. బెన్ హామర్స్‌లీ అనే బ్రిటిష్ పాత్రికేయుడు 2004లో ఒక వ్యాసంలో ఈ పేరు వాడాడు, మరుసటి ఏడాది ఆపిల్ కంపెనీ తన పాటల సాఫ్ట్‌వేర్ ఐట్యూన్స్‌లో వీటికి చోటిచ్చింది. స్టేషను అనుమతి అక్కర్లేకుండా ఎవరైనా మాట్లాడి వినేవాళ్లకు నేరుగా పంపుకోవచ్చన్నదే దీని బలం. స్టేషను లేదంటే ప్రకటనల విభాగమూ లేదు. కథ చెప్పేదీ మీరే, సరుకు పేరు చెప్పేదీ మీరే. నాన్న తోటలో చెట్టు కింద కూర్చుని మాట్లాడిన గొంతు ద్రావణం పేరు చెబితే రైతుకు ఆ రెండూ ఒకటిగానే వినపడతాయి.

ఇందులో నా పాపం ఒకటి ఉంది. ఒకప్పుడు ఒక చిట్టీల సంస్థ నాకు 350 రూపాయలిచ్చి ప్రచారం చదివించింది. ‘నమ్మకానికి మరో పేరు’ అన్న మాటను నేనే సొంతంగా చేర్చాను, వాళ్లు అడగను కూడా లేదు. ఎనిమిది నెలలకు తాళం పడింది. మా దుకాణం పక్కన కుట్టుమిషను పెట్టుకున్న దర్జీ అందులో ఏడు వాయిదాలు కట్టాడు. ఆ సంగతి తెలియక చొక్కా గుండీ ఊడిందని అతని దగ్గరకు వెళ్లాను. గుండీ కుడుతూ, తల ఎత్తకుండా, "ఆటోలో నీ గొంతే కదా అని కట్టాను అన్నా" అన్నాడు. దారం పళ్లతో తెంపి చొక్కా చేతికిచ్చాడు. డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు. తీసుకుని ఉంటే బాగుండేది.

చట్టం సంగతి కూడా చూసుకోండి. వినియోగదారుల రక్షణ చట్టం 2019లో వచ్చింది. దాని కింద తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద 2022లో మార్గదర్శకాలు వెలువడ్డాయి. కంపెనీకీ, సరుకును మెచ్చుకుంటూ చెప్పినవాళ్లకూ మధ్య డబ్బు సంబంధం ఉంటే వినేవాళ్లకు తెలియాలన్నది అందులో ఉంది. తప్పుదోవ పట్టించే ప్రకటన అని తేలితే మెచ్చుకున్నవాళ్ల మీద కూడా 10 లక్షల రూపాయల వరకు, మళ్లీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా వేయవచ్చు. ప్రకటనల రంగం తనకు తానే పెట్టుకున్న ప్రకటనల ప్రమాణాల మండలి 2021లో తెచ్చిన నియమాల్లో ఆడియోకు ప్రత్యేకంగా ఒకటుంది. డబ్బు పుచ్చుకున్న సంగతి మొదట్లో చెప్పాలి, చివర చెప్పాలి, మధ్యలో విరామం తీసుకుంటే దానికి ముందూ తర్వాతా చెప్పాలి. ఎక్కడో వివరణ పెట్టెలో అడుగున రాస్తే సరిపోదు. రైతు ఫోను జేబులో వేసుకుని పాదుల్లో నీళ్లు పెడుతూ వింటాడు, ఆ పెట్టె ఎప్పుడు తెరుస్తాడు? మీరు వీడియోగా యూట్యూబ్‌లో కూడా పెడితే, చెల్లింపు ప్రచారం ఉందని తెలిపే గడి ఒకటుంటుంది, అక్కడా గుర్తు పెట్టాలి.

ఇక పిందె మాట. పిందె రాలడానికి నీటి ఎద్దడి ఒక కారణం, ఎండ ఒకటి, పోషకాల లోపం ఒకటి, తెగులు ఒకటి. ఏ తోటలో ఏ కారణమో చూడకుండా ఒక్క సీసాతో అన్నీ ఆగిపోతాయని చెప్పే నిపుణుడిని మీ నాన్నగారే పది నిమిషాలు నిలదీయగలరు. కాబట్టి ఆ ప్రతినిధికి ఇలా చెప్పండి. ఇంటర్వ్యూ చేస్తాను, డబ్బు తీసుకున్నట్టు ముందే చెబుతాను, ప్రశ్నలు నావి, ఆ ద్రావణం వాడి లాభపడని రైతు దొరికితే ఆయన్నూ కూర్చోబెడతాను, ఉద్యాన విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తను అభిప్రాయం అడుగుతాను. నాకు తెలిసి ఆయన మళ్లీ ఫోను చేయడు. చేస్తే మాత్రం మంచి ఎపిసోడ్ అవుతుంది.

అప్పు తీరాలి కదా అంటారు. తీరాలి. నకిరేకల్ వైపు మా ఊళ్లో ఒగ్గు కథ చెప్పేవారు. కథ మంచి పట్టులో ఉండగా డోలు ఆపించి, "ఫలానా పటేలు పది రూపాయల కట్నం ఇచ్చాడు, ఆయన పాడిపంటలు చల్లగా ఉండాలి" అని దీవించి, మళ్లీ డోలు అందుకునేవారు. ఎవరూ విసుక్కోలేదు. కట్నం ఇచ్చిన పటేలు కథలోకి దూరలేదు మరి, మల్లన్న నోటితో పటేలు దుకాణం పేరు పలికించలేదు. మీ ఊళ్లో బిందుసేద్యం సామాను అమ్మే దుకాణదారునో, మొక్కలు పెంచి అమ్మే నర్సరీ ఆయన్నో అడగండి. ఎపిసోడ్‌కు 500 ఇచ్చినా చాలు. మొదటి నిమిషంలో, మళ్లీ చివర ఇలా అనండి: "ఈ భాగం ఖర్చుకు హాలియాలోని ఫలానా నర్సరీవారు 500 రూపాయలు ఇచ్చారు. ఇందులో ఎవరు ఏం మాట్లాడాలో వారు చెప్పలేదు." మొత్తం చెప్పడానికి పది సెకన్లు కూడా పట్టదు. ‘స్పాన్సర్డ్’ అని ఒక్క మాట గొణిగి ఊరుకోకండి. తెలుగులో కథ చెప్పి, డబ్బు దగ్గరకు రాగానే ఇంగ్లీషులోకి జారుకోవడం మన దగ్గర బాగా అలవాటైపోయింది.

ప్రశ్న: నేను మగ్గం మీద పనిచేస్తూ పాడ్‌కాస్ట్‌లు వింటాను. చరిత్ర చెప్పే ఒకాయన 40 నిమిషాల్లో మొదటి ఏడు నిమిషాలు తన పుస్తకం, తన ఆన్‌లైన్ తరగతి, తనకొచ్చిన సన్మానం గురించే మాట్లాడతాడు. చేతులూ కాళ్లూ పనిలో ఉంటాయి కాబట్టి ముందుకు జరపలేను. ఇది న్యాయమేనా? (పాఠకుడు, పుట్టపాక)

జవాబు: న్యాయం కాదు. కానీ ఆయన మోసగాడూ కాదు, తన సరుకు తన పేరుతోనే అమ్ముకుంటున్నాడు. కొలత తెలియనివాడు, అంతే. 1952లో రేడియో సిలోన్‌లో మొదలైన హిందీ పాటల కార్యక్రమం బినాకా గీత్‌మాలాకు పేరే ఒక టూత్‌పేస్టుది. అయినా దాన్ని నడిపిన అమీన్ సయానీ గొంతు కోసం దేశం చెవులు రిక్కించి కూర్చుంది. పేరులో ప్రకటన పెట్టుకుని, మిగతా సమయమంతా పాటలకిచ్చారు. మీ చరిత్రకారుడు పేరులో చరిత్ర పెట్టి సమయం ప్రకటనకిచ్చాడు.

ఆయనకు ఒక ఉత్తరం రాయండి, కోపంగా కాదు. ‘నేను పుట్టపాకలో తేలియా రుమాలు నేసే మనిషిని, ఏడో నిమిషం వరకు నా నాడె ఖాళీగా తిరుగుతోంది’ అని రాయండి. తన మాటలు మగ్గం చప్పుడులో వింటున్న మనిషి ఒకడున్నాడని ఆయనకు తెలిసి ఉండదు. అలాంటి ఒక ఉత్తరం నాకు వస్తే నేను ఆ వారమే కోత పెడతాను. పుస్తకం సంగతి చివర చెప్పమనండి. కథ నచ్చినవాడు అప్పటికి కొనడానికి సిద్ధంగా ఉంటాడు.

ప్రశ్న: దేవరకొండ కోట మీద, చుట్టుపక్కల ఊళ్ల మీద పాడ్‌కాస్ట్ చేస్తున్నాను. 60 మంది వింటారు, అందులో పది మంది మా బంధువులే. నా గురించి నేనే చెప్పుకోవాలంటే సిగ్గు. వాట్సాప్ గుంపుల్లో లింకు పెడితే ఒక బొటనవేలు గుర్తు వస్తుంది, ఎవరూ తెరవరు. ఏం చేయాలి సార్? (పాఠకుడు, దేవరకొండ)

జవాబు: తమ్ముడూ, ప్రచార ఆటో మీ ఇంటి ముందు నుంచి పోతుంటే మీకు వినపడేది ఎనిమిది, తొమ్మిది సెకన్లు. అందుకే మేము దుకాణం పేరుతో మొదలుపెట్టేవాళ్లం కాదు. ‘పిల్లల బట్టలు సగం ధరకే’ అని మొదలు, ఎక్కడ అన్నది తర్వాత. మీరు గుంపులో పెట్టే సందేశం బహుశా ‘నా కొత్త ఎపిసోడ్ వచ్చింది, విని ఆదరించండి’ అని ఉంటుంది. అందులో మీరున్నారు, కోట లేదు. ‘మన కోట ఎక్కే దారిలో ఎన్ని ద్వారాలు దాటాలో లెక్కపెట్టారా?’ అని రాసి చూడండి.

గుంపులు వదలండి. ఎపిసోడ్ ఎవరి గురించి చేశారో ఆ మనిషికే మొదట పంపండి. కోట దారి చూపిన పశువుల కాపరి గురించి చెప్పారనుకుందాం, ఆయన కొడుకు ఫోనుకు పంపండి. ఆయన దాన్ని హైదరాబాదులో ఉన్న అల్లుడికి, ముంబయిలో కూలికెళ్లిన తమ్ముడికి పంపుతాడు. ఊరి మనుషులు తమ ఊరి పేరు చెవిన పడితే చాలు, ముగ్గురికి వినిపించనిదే ఊరుకోరు. ఇంకొక మాట, డబ్బు కట్టి శ్రోతల సంఖ్య పెంచిపెడతామనే వాళ్లు మీకూ తగులుతారు. ఆ అంకెలకు చెవులుండవు, వాళ్ల జోలికి పోకండి.

సిగ్గు గురించి అడిగారు. అది ఉండనివ్వండి. పుట్టపాక ఆయన ఉత్తరం పైన ఉంది, సిగ్గు లేకపోతే ఏమవుతుందో చదవండి.

ప్రశ్న: కొత్తగా పాడ్‌కాస్ట్ మొదలుపెడుతున్నాను. మంచి మైకు కంపెనీ పేరు ఒకటి చెప్పండి. (పాఠకురాలు, వనపర్తి)

జవాబు: చెప్పలేనమ్మా. నేను వాడుతున్న మైకు ఒక దుకాణదారు ఉచితంగా ఇచ్చింది, కాబట్టి నా సలహాకు అంత విలువ లేదు. అప్పు చేసి మాత్రం కొనకండి, మొదటి అయిదు ఎపిసోడ్లకు ఫోను చాలు. బీరువా తలుపులు తెరిచి, చీరల దొంతర వైపు ముఖం పెట్టి కూర్చోండి. ఫోను నోటికి జానెడు దూరంలో, కొంచెం పక్కకు పెట్టండి. ఫ్యాను ఆపండి. వంటింట్లో కుక్కరు విజిల్ వేసే సమయం కాకుండా చూసుకోండి.