లాంటానా అనే కలుపు పొదను ఎంత నరికినా మళ్లీ ఎందుకు చిగురిస్తుంది?

నరికే చోటే తప్పు. లాంటానా కాండం వేరుతో కలిసే దగ్గర, నేల మట్టానికి కాస్త దిగువన నిద్రాణంగా మొగ్గలుంటాయి. పైన కొడవలి పడగానే అవి ఒక్కసారిగా లేస్తాయి. తగలబెట్టినా ఇదే తంతు.

ఢిల్లీ విశ్వవిద్యాలయ పరిశోధకులు రూపొందించిన పద్ధతి నాకు సబబుగా అనిపిస్తుంది. గునపంతో మట్టి తొలిచి, 3 నుంచి 5 సెంటీమీటర్ల లోతున తల్లివేరును తెగ్గొట్టాలి. ఆ పొదను అక్కడే తలకిందులుగా, వేర్లు ఆకాశం వైపు ఉండేలా పడేయాలి. మొదలు తడి నేలకు ఆనుకుని ఉండిపోతే, పొద మళ్లీ వేళ్లూనుకుంటుంది మరి!

పురుగులతో అణచాలనీ చూశారు. 1941లో భారత్‌కు తెచ్చిన టెలియోనెమియా అనే రసం పీల్చే పురుగు ఆకులు రాల్చింది గానీ, మొక్క కోలుకుంది. పశువులకు మేపుదామా అంటే, ఆకు విషం, కాలేయం దెబ్బతింటుంది.

ఆపైన పిట్టల బెడద. నల్లగా పండిన కాయల్ని పిగిలిపిట్టలు తిని, వాలిన చెట్ల కింద గింజలు రాలుస్తాయి. అందుకే తీసేశాక రెండు మూడేళ్లైనా ఆ చెట్ల కింద వెతికి, మొలకల్ని వానాకాలంలోనే పీకేయాలి. ఖాళీ అయిన నేలలో వెంటనే స్థానిక గడ్డి చల్లాలి.