కోవాగ్జిన్‌తో అమెరికా ప్రయాణం

(ఇది 2021 చివరి నాటి ప్రశ్నోత్తరం. ఇందులోని నిబంధనలు అప్పటివి; కోవిడ్ పరీక్ష నిబంధనను 2022 జూన్‌లో, టీకా నిబంధనను 2023 మేలో అమెరికా ఎత్తేసింది.)

ప్రశ్న: నేనూ మా ఆవిడా కోవాగ్జిన్ రెండు డోసులూ వేయించుకున్నాం. అమ్మాయి పురుడుకు 2022 జనవరిలో డాలస్ వెళ్లాలి. అనుమతిస్తారా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: అనుమతిస్తారు. 2021 నవంబరు 3న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవాగ్జిన్‌ను అత్యవసర వినియోగ జాబితాలో చేర్చింది. ఆ జాబితాలోని టీకాలను అమెరికా గుర్తిస్తుంది కనుక, రెండో డోసు పడి 14 రోజులు దాటితే చాలు. చిక్కంతా విమానమెక్కే ముందు చేయించుకోవాల్సిన కోవిడ్ పరీక్షతోనే. 2021 డిసెంబరు 6 నుంచి దాని గడువును మూడు రోజుల నుంచి ఒక్క రోజుకు కుదించారు. అయితే దీన్ని గంటల్లో లెక్కించరు. శుక్రవారం రాత్రి విమానమెక్కేవారు గురువారం ఉదయం నమూనా ఇచ్చినా చెల్లుతుంది, ర్యాపిడ్ యాంటిజెన్ పరీక్ష అయినా సరిపోతుంది. కోవిన్ ధ్రువపత్రంలో పేరు పాస్‌పోర్టులో ఉన్నట్లే ఉందో లేదో, మన ఇంటిపేర్ల తికమక తెలిసిందే కదా, ఇప్పుడే సరిచూసుకోండి.